కలప పద్దు, కర్బన పద్దు, తంగేడు చెక్క

అడవి గురించిన చర్చ ఇప్పుడు రెండు మాటల మధ్యనే తిరుగుతున్నది. నరికి కలప చేసుకోవాలా, నిలబెట్టి కర్బనం దాచుకోవాలా? ఈ రెంటికీ సమతూకం కావాలంటున్నారు. సరే, కానీ తూకం రాళ్లు ఎవరివి? మేం అడిగేది అదీ.

1856లో డైట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ బర్మాలోని పెగూ టేకడవుల్లో పనికి కుదిరాడు. చెట్లను లావుని బట్టి తరగతులు చేసి, ఏటా ఎన్ని కొట్టొచ్చో లెక్క తేల్చాడు. 1864లో ఆయనే ఇండియాకు మొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్. ఇవాళ్టి వర్కింగ్ ప్లాన్ ఆ లెక్కకు పుట్టిన బిడ్డే. రైలు పట్టాలకు స్లీపర్లు కావాలి, కాబట్టి అడవంటే ఎన్ని ఘనపుటడుగులన్నదే ప్రశ్న అయింది. పెగూలో కరెన్ పోడు రైతుల చేతనే పంట మధ్య టేకు నాటించారు. చెట్టు ఎదిగాక నేల సర్కారుది, రైతు ఇంకో చోటు చూసుకోవాలి. ఈ సంగతి గుర్తుంచుకుందాం.

1878 చట్టం, 1882 మద్రాసు అటవీ చట్టం ఈ లెక్కకు లాఠీ అందించాయి. రంప తిరుగుబాట్లు, 1940 జోడేఘాట్ పోరాటం చరిత్రకెక్కాయి. ఎక్కాల్సినంతగా ఎక్కనిది మాదిగల తంగేడు చెక్క.

తోలును సున్నంలో నానేసి, వెంట్రుక తీసి, లందలో తంగేడు చెక్క నీళ్లలో ఊరేస్తే చెక్కలోని టానిన్లు తోలును పట్టుకుంటయ్, అది కుళ్లదు. కరక్కాయ కూడా ఈ పనికే. యూనివర్సిటీలో ఇదే రసాయన శాస్త్రం, వాడలో చేస్తే అంటు. అటవీశాఖ కాగితాల్లో తంగేడు, కరక్కాయ 'చిన్నతరహా ఉత్పత్తులు'. వేలం పాడినోడి చేతికి పోయాయి. వర్కింగ్ ప్లాన్ మనిషి రొమ్ము ఎత్తున చెట్టు కొలిచి మొదలవుతుంది. తంగేడు పొద ఆ టేపుకు దొరకదు.

ఇక కర్బనం. ఎండుకట్టె బరువులో దాదాపు సగం కర్బనమే. చెట్టును ఎక్కువేళ్లు ఉంచితే నిలవ పెరుగుతుంది, కలప ఆలస్యమవుతుంది. టేకు దూలమైతే ఇల్లున్నన్నాళ్లూ కర్బనం ఇంట్లోనే ఉంటది. కాగితం గుజ్జయిన నీలగిరి కర్బనం కొద్దికాలానికే గాలిలో కలుస్తది. 1975లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ అటవీ అభివృద్ధి సంస్థ పెంచినవి ఎక్కువగా ఈ నీలగిరి తోటలే. హెక్టారుకు తగ్గకుండా, పది శాతానికి మించి ఆకుకప్పు ఉంటే ఫారెస్ట్ సర్వే లెక్కలో తోట కూడా అడవే!

1988 విధానం కలప ఆదాయాన్ని వెనక్కి నెట్టింది. 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు కేంద్రం ఒప్పుకున్న వర్కింగ్ ప్లాన్ లేకుండా అడవిలో చెట్టు కొట్టొద్దంది. మంచిదే, కానీ ఆఫీసరు రాసే ప్లానుకు బలం పెరిగింది. 2015లో భారత ప్రభుత్వం 2030 నాటికి 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడును అదనంగా పీల్చే చెట్లు పెంచుతామని మాటిచ్చింది. నేల ఎక్కడిది? తెలంగాణలో హరితహారం మొక్కలు పోడు చెలకల్లోకి వచ్చినప్పుడు గొడవలైనాయి. పెగూ రైతు మళ్లీ గుర్తుకొస్తున్నాడు.

2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులను 2005 డిసెంబర్ 13కు ముందు అక్కడ ఉన్నట్టు చూపమంది. దళితులూ, బీసీలూ 'ఇతర సంప్రదాయ నివాసులు', మూడు తరాలు, అంటే 75 ఏళ్లు చూపాలి. అక్షరం మా తరంతోనే ఇంట్లోకొచ్చింది, 75 ఏళ్ల కాగితం ఎక్కడ తెస్తాం? రూల్సులో పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. ఆ రూలును వాడవాడకూ చెప్పాలి.

అదే చట్టం సామూహిక అడవికి ప్లాను రాసుకునే పని గ్రామసభకిచ్చింది. గడ్చిరోలిలోని మెండా లేఖా 2009లో హక్కు పత్రం సాధించి, 2011 నుంచి తన వెదురు తానే అమ్ముకుంది. అది గోండుల ఊరు. కులాల ఊళ్లలో గ్రామసభంటే మోతుబరి అరుగే కావచ్చు. వర్కింగ్ ప్లాన్లు మామూలుగా పదేళ్లకోసారి తిరగరాస్తారు. మన డివిజన్ ప్లాను ఏ ఏడు ముగుస్తుందో కనుక్కోవాలి, సభకు వాడ నుంచి ఎవరు పోవాలో, తంగేడు చెక్క మాట ఎవరెత్తాలో ముందే తేల్చుకోవాలి.