ఐర్లండ్ విభజన - ప్రజాసంస్థలలో దాని ప్రతిఫలనం

వ్యాససంగ్రహం: ఐర్లండ్ విభజనను సాధారణంగా సరిహద్దురేఖ, రాజకీయ హింస అనే రెండు కోణాల నుండి అధ్యయనం చేస్తారు. అయితే విభజన ప్రజల నిత్యజీవితంలో వేళ్లూనుకున్నది న్యాయస్థానం, పోలీసు, పాఠశాల, రైల్వే, క్రీడాసంఘం వంటి సంస్థల ద్వారానే. ఏ సంస్థలు చీలాయి, ఏవి అఖండంగా నిలిచాయి, చీలినవి ఏ మేరకు తిరిగి చేరువయ్యాయి అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఐర్లండ్, విభజన, ప్రజాసంస్థలు, స్టోర్‌మాంట్, అల్పసంఖ్యాకులు, 1998 ఒప్పందం.

1. ఉపోద్ఘాతం

బ్రిటిష్ పార్లమెంటు 1920లో చేసిన ఐర్లండ్ ప్రభుత్వ చట్టం ఆ ద్వీపంలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్ కేంద్రాలుగా రెండు శాసనసభలను ప్రతిపాదించింది. ఈ చట్టం 1921 మే 3న అమలులోకి వచ్చింది. మొత్తం 32 కౌంటీలలో 6 ఉత్తర ఐర్లండ్‌గా ఏర్పడ్డాయి. చారిత్రక అల్‌స్టర్ ప్రాంతంలో 9 కౌంటీలు ఉండగా, కాథలిక్కులు అధికంగా ఉన్న డానిగాల్, కావన్, మొనహన్‌లను దక్షిణానికి వదిలివేశారు. తొమ్మిదింటినీ కలుపుకొంటే బ్రిటన్‌తో ఐక్యతను కోరే ప్రొటెస్టెంట్ల ఆధిక్యం నిలకడగా ఉండదన్నది ఇందుకు కారణం. అయినా ఆరు కౌంటీల జనాభాలో సుమారు మూడో వంతు కాథలిక్కులే. ఫెర్మనా, టైరోన్ కౌంటీలలో వారే అధికసంఖ్యాకులు.

ఈ చట్టాన్ని రూపొందించినవారు శాశ్వత విభజనను ఉద్దేశించలేదు. రెండు శాసనసభల నుండి చెరి 20 మంది సభ్యులతో ఒక ఐర్లండ్ మండలి ఏర్పడి, క్రమంగా ఐక్యతకు దారితీస్తుందని భావించారు. ఆ మండలి ఒక్కసారి కూడా సమావేశం కాలేదు. 1921 డిసెంబరు 6 నాటి ఆంగ్లో-ఐరిష్ సంధి సరిహద్దు సంఘాన్ని ప్రతిపాదించింది. ఆ సంఘం నిర్ణయాలు 1925 నవంబరులో పత్రికకు పొక్కగా, డిసెంబరులో మూడు ప్రభుత్వాలు ఉన్న సరిహద్దునే అంగీకరించి నివేదికను తొక్కిపెట్టాయి. అది 1969లో గాని వెలుగు చూడలేదు. తాత్కాలికంగా గీసిన గీత ఈ విధంగా శాశ్వతమైంది. దానిని శాశ్వతం చేసిన అసలు బలం సంస్థలది.

2. చీలిన సంస్థలు

2.1 న్యాయం, పోలీసు: 1920 చట్టం ద్వీపమంతటికీ ఒకే అప్పీలు న్యాయస్థానాన్ని ఏర్పరిచింది. అది 1922లోనే రద్దయింది. న్యాయవాదుల వృత్తిసంఘం కూడా 1926లో వేరుపడి బెల్‌ఫాస్ట్‌లో కొత్త సంఘం ఏర్పడింది. ఉమ్మడి పోలీసుదళమైన రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీని 1922లో రద్దు చేశారు. దక్షిణాన సాధారణంగా ఆయుధాలు ధరించని గార్డా దళం ఏర్పడగా, ఉత్తరాన సాయుధమైన రాయల్ అల్‌స్టర్ కాన్‌స్టాబ్యులరీ అవతరించింది. ఉత్తరాది దళంలో మూడో వంతు స్థానాలను కాథలిక్కులకు ఉద్దేశించినా అవి ఎన్నడూ నిండలేదు. 1999లో పాటెన్ సంఘం నివేదిక వెలువడేనాటికి వారి వాటా సుమారు 8 శాతం మాత్రమే. తమవారు లేని పోలీసును ఒక సమాజం తన రక్షకుడిగా భావించలేదు. తన సమాజం అనుమానంతో చూసే దళంలో చేరడానికి యువకుడూ సాహసించలేదు. ఈ రెండు కారణాలూ ఒకదానినొకటి పెంచుకుంటూ పోయాయి.

2.2 ప్రాతినిధ్యం: ఉత్తర ప్రభుత్వం దామాషా ఎన్నికల పద్ధతిని 1922లో స్థానిక సంస్థలకు, 1929లో శాసనసభకు రద్దు చేసింది. డెరీ నగరంలో కాథలిక్కులు అధికసంఖ్యాకులైనా, వార్డుల సరిహద్దులను గీసిన తీరువల్ల నగరపాలక సంస్థ ఐక్యతావాదుల చేతిలోనే ఉండిపోయింది. స్థానిక ఎన్నికలలో ఓటుహక్కు ఇంటి పన్నుతో ముడిపడి ఉండడం వల్ల పురపాలక గృహాల కేటాయింపు కూడా రాజకీయమైంది. ఒక కుటుంబానికి ఇల్లు ఇవ్వడమంటే ఓటు ఇవ్వడమే. 1968 అక్టోబరు 5న డెరీలో జరిగిన పౌరహక్కుల ప్రదర్శన వెనుక ఉన్న ఆవేదన సరిహద్దు గురించి కంటే ఇల్లు, ఓటు, ఉద్యోగం గురించినదే.

2.3 విద్య: ఉత్తర ఐర్లండ్ విద్యామంత్రి లార్డ్ లండన్‌డెరీ 1923 చట్టం ద్వారా మతభేదం లేని ప్రభుత్వ పాఠశాలలను ఆశించారు. చర్చిలన్నీ వ్యతిరేకించాయి. 1925, 1930 సవరణల తరువాత ప్రొటెస్టెంట్ చర్చిలు తమ పాఠశాలలను ప్రభుత్వానికి అప్పగించాయి. కాథలిక్ పాఠశాలలు వేరుగానే కొనసాగాయి. ఇరువర్గాల పిల్లలను ఉద్దేశపూర్వకంగా కలిపి చదివించే మొదటి ఉన్నత పాఠశాల లగన్ కళాశాల 1981లో 28 మంది విద్యార్థులతో ప్రారంభమైంది.

దక్షిణం ఇందుకు మినహాయింపు కాదు. అక్కడ ఐరిష్ భాష పాఠశాలలలో తప్పనిసరి అయింది, పాఠశాలలపై చర్చి ఆధిపత్యం కొనసాగింది. 1937 రాజ్యాంగం విడాకులను నిషేధించి, కాథలిక్ చర్చికి ప్రత్యేక స్థానాన్ని గుర్తించింది. ఈ రెండవ నిబంధనను 1972 జనవాక్య సేకరణతో తొలగించారు. మొత్తం ద్వీపాన్ని జాతీయ భూభాగంగా ప్రకటించిన అదే రాజ్యాంగం, ఉత్తరాది ప్రొటెస్టెంట్లకు ఆ జాతిలో తమ చోటు ఏదో చూపలేకపోయింది.

3. అఖండంగా నిలిచిన సంస్థలు

చర్చిలు విభజనను గుర్తించలేదు. కాథలిక్ చర్చికీ, ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందిన చర్చ్ ఆఫ్ ఐర్లండ్‌కూ ప్రధాన పీఠం ఉత్తరాన ఉన్న ఆర్మా నగరమే. 1879లో ఏర్పడిన రగ్బీ సంఘం ఒకే జట్టును నిలుపుకుంది. 1884 నాటి గేలిక్ క్రీడాసంఘం 32 కౌంటీలలోనూ కొనసాగింది. విభజనకు ముందే ఏర్పడి, సభ్యుల ఆదరణపై నడిచే సంస్థలు నిలిచాయనీ, ప్రభుత్వ నిధులపై ఆధారపడినవి చీలాయనీ దీనినిబట్టి సూత్రీకరించవచ్చు.

కానీ రెండు ఉదాహరణలు ఈ సూత్రానికి లొంగవు. ఫుట్‌బాల్ సంఘం స్వచ్ఛంద సంస్థే. 1880లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన ఆ సంఘం పట్ల డబ్లిన్ క్లబ్బులకు ఉన్న అసంతృప్తి 1921లో వేరు సంఘానికి దారితీసింది. మరోవైపు దీపస్తంభాలను నిర్వహించే ఐరిష్ లైట్స్ సంస్థ ప్రజాసంస్థే అయినా చీలలేదు. దాని ఆదాయం ఏ ఒక్క ఖజానాపైనా ఆధారపడక, ఓడలు చెల్లించే సుంకాల నుండి లభించడం ఇందుకు ముఖ్య కారణం. కాబట్టి ఒక సంస్థ భవితవ్యాన్ని నిర్ణయించినది అది ప్రభుత్వానిదా ప్రజలదా అన్నది కాదు. అధికారకేంద్రం ఎక్కడ ఉంది, డబ్బు ఎవరిది, అవతలి వర్గం దానిని తనదిగా భావించిందా అన్న మూడు అంశాలు.

చరిత్ర రచన కూడా ఇందుకు నిదర్శనం. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలో ఉన్న ప్రభుత్వ దస్తావేజుల భాండాగారం ధ్వంసమైంది. మరుసటి ఏడాది ఉత్తరం తన సొంత భాండాగారాన్ని చట్టబద్ధం చేసింది. ఆధారాలు ఈ విధంగా విడిపోయినా, డబ్లిన్, బెల్‌ఫాస్ట్ చరిత్రకారుల సంఘాలు కలిసి 1938లో ‘ఐరిష్ హిస్టారికల్ స్టడీస్’ పత్రికను స్థాపించాయి.

4. అవసరం కలిపినవి

1923 ఏప్రిల్ 1 నుండి సరిహద్దు వద్ద కస్టమ్స్ తనిఖీ మొదలైంది. సరిహద్దును పలుచోట్ల దాటే గ్రేట్ నార్తర్న్ రైల్వే నష్టాలలో కూరుకుపోగా, 1953లో ఇరు ప్రభుత్వాలు దానిని ఉమ్మడి మండలికి అప్పగించాయి. 1957లో ఉత్తర ప్రభుత్వం తన వైపు పలు మార్గాలను మూసివేయడంతో వాటి దక్షిణ భాగాలూ నిరుపయోగమయ్యాయి. 1958లో మండలి రద్దయి ఆస్తులు పంపకమయ్యాయి. ఇందుకు భిన్నంగా ఫోయిల్ నదిలో చేపలవేట నియంత్రణకు 1952లో రెండు శాసనసభలూ సమాంతర చట్టాలు చేసి నెలకొల్పిన సంఘం దశాబ్దాలపాటు పనిచేసింది. రైలుమార్గాన్ని ఒక పక్షం మూసివేయగలదు. నదిలోని చేపను ఏ పక్షమూ ఆపలేదు.

1998 ఏప్రిల్ 10 నాటి ఒప్పందం ఈ అనుభవాన్నే వ్యవస్థీకరించింది. ఉత్తరాన 71.1 శాతం, దక్షిణాన 94.4 శాతం ఓటర్లు దానిని ఆమోదించారు. ఆర్మాలో కార్యాలయంతో ఉత్తర-దక్షిణ మంత్రిమండలి, జలమార్గాలు, ఆహార భద్రత, వాణిజ్యం, భాష వంటి రంగాలలో 6 ఉమ్మడి సంస్థలు ఏర్పడ్డాయి. ఫోయిల్ సంఘం బాధ్యతలు వాటిలో ఒకదానికి సంక్రమించాయి. 2001లో ఉత్తరాది పోలీసుదళం కొత్త పేరుతో పునర్వ్యవస్థీకృతమై, 2011 వరకు కాథలిక్కులను, ఇతరులను సమసంఖ్యలో నియమించింది.

5. ఉపసంహారం

1920 నాటి ఐర్లండ్ మండలి పైనుండి ఐక్యతను కోరి విఫలమైంది. ఫోయిల్ సంఘం ఐక్యత గురించి మాట్లాడకుండానే సహకారాన్ని సాధించింది. 2021 జనగణనలో ఉత్తర ఐర్లండ్‌లో కాథలిక్ నేపథ్యం గలవారు 45.7 శాతం, ప్రొటెస్టెంట్, ఇతర క్రైస్తవ నేపథ్యం గలవారు 43.5 శాతం. ఏ ఆధిక్యాన్ని కాపాడడానికి ఆరు కౌంటీలను ఎంచుకున్నారో ఆ ఆధిక్యం నేడు లేదు. అయినా అత్యధిక విద్యార్థులు నేటికీ వేర్వేరు పాఠశాలలలోనే చదువుతున్నారు. జనసంఖ్య మారినంత వేగంగా సంస్థలు మారవు. ఐర్లండ్ భవిష్యత్తును గురించిన చర్చ సరిహద్దు ఉండాలా వద్దా అన్న ప్రశ్న వద్ద ఆగిపోతే, ఆ సరిహద్దును వంద సంవత్సరాలు మోసిన సంస్థలు ఆ చర్చకు వెలుపలే మిగిలిపోతాయి.