ఏ సోలతో కొలిచారు?

1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసిన వారానికి, మా అమ్మమ్మ వరండాలో కూచుని నాచేత పేపరు చదివించుకుని, కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని వూరుకోక, "మా బామ్మ చూసిన బందరు ఉప్పెన ముందు ఇదెంతే!" అంది.

పదివేలమంది దాకా పోయిన ఉప్పెనని పట్టుకుని అంత మాటంటుందా అని నాకు వొళ్ళు మండింది. ఆ పూటంతా ఆవిడతో మాట్లాడలేదు.

ఇప్పుడు నేనే అమ్మమ్మనయ్యాను. మొన్న తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున నా మనవరాలు, "మీ కాలంలో తుఫాన్లు ఏపాటివిలే అమ్మమ్మా! బలమైనవన్నీ ఇప్పుడే వస్తున్నాయి" అంది. అటు ఆవిడ, ఇటు యీ పిల్ల, మధ్యన నేను. ఎవరి మాట నిజం? నాలుగు పుస్తకాలు తిరగేస్తే తెలిసిందేమిటంటే, తగువంతా తుఫానుది కాదు, కొలతది.

అమ్మమ్మ కొలత ప్రాణాలు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన బందరు ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయారు. అందుకని అదే పెద్దదని ఆవిడ లెక్క. కానీ 1990 మే నెలలో మన కోస్తాని కొట్టిన తుఫాను బలంలో దివిసీమ తుఫానుకి తీసిపోయేది కాదు. అయినా పోయినవాళ్ళు వెయ్యికి లోపే. గాలి జాలిపడిందా? లేదండీ, ముందే కబురందింది, లక్షలమందిని లోపలి వూళ్ళకి తరలించారు. చావుల లెక్క మన జాగ్రత్త సంగతి చెబుతుంది గాని, గాలి సంగతి చెప్పదు.

మరి గాలిని కొలిచిందెవరు? మొదట్లో ఓడల కెప్టెన్లు. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన వాళ్ళ దినచర్య పుస్తకాలు పోగుచేసి, తుఫానులో గాలి పాము చుట్టలా తిరుగుతుందని చూసి, దానికి ‘సైక్లోన్’ అని పేరు పెట్టాడు. 1848లో అచ్చయిన ఆయన పుస్తకంతో ఆ మాట లోకమంతా పాకింది. 1864లో బందరుకి నెల ముందు కలకత్తా కూడా తుఫానుకి కొట్టుకుపోయింది. అలాంటి దెబ్బలు తిన్నాకనే 1875లో మన వాతావరణ శాఖ ఏర్పడింది.

అయితే తుఫాను నడిబొడ్డున చిక్కిన ఓడ తిరిగొచ్చి లెక్క చెప్పడం అరుదు. తప్పించుకున్న ఓడ అంచున వీచిన గాలినే రాసుకుంటుంది. ఒడ్డున గాలి కొలిచే యంత్రం పెడితే, అసలు గాలి వచ్చే వేళకి అదే విరిగిపడుతుంది. అందుచేత పాత తుఫానులు చాలావాటికి కాగితం మీద వున్న బలం, అసలు బలం కన్నా తక్కువే అయివుండాలి.

1960లో మొదటి వాతావరణ ఉపగ్రహం ఎగిరింది. 1970లలో వెర్నన్ డ్వోరాక్ అనే అమెరికన్, మేఘాల చుట్ట ఆకారం చూసి గాలి వేగం అంచనా కట్టే పద్ధతి తెచ్చాడు. డాక్టరుగారు నాలుక చూసి రోగం చెప్పినట్టన్నమాట! కానీ అప్పటి బొమ్మలు మసక, తర్వాతివి తేట. 2005లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రపంచంలో అతి బలమైన తుఫానులు 1970ల నుంచి దాదాపు రెండింతలయ్యాయన్నారు. మరుసటేడే ఇంకొందరు అడ్డుపడ్డారు. పాత బొమ్మలు మళ్ళీ చూస్తే, 1977-89 మధ్య మన హిందూ మహాసముద్రం ఉత్తరభాగంలో వచ్చిన తుఫానుల్లో అయిదింటిని తక్కువ కట్టినట్టుందన్నారు. బంగ్లాదేశ్ ప్రాంతంలో మూడు లక్షలమందికి పైగా పొట్టన పెట్టుకున్న 1970 తుఫానుకైతే బలం అంకె పట్టీలోనే లేదన్నారు.

మనకి తెలియని చిక్కా ఇది? అమ్మ సొట్టల సోలతో కొలిచిన బియ్యం, కోడలు కొత్త సోలతో కొలిస్తే లెక్క తేడా వస్తుంది. తప్పు బియ్యానిదా?

శాస్త్రజ్ఞులు చివరికి ఏం చేశారంటే, కొత్తగా వచ్చిన తేట బొమ్మల్ని పాత వాటితో సమానంగా కావాలనే మసక చేశారు. 1979 నుంచి 2017 దాకా అన్ని తుఫానులనీ ఒకే సోలతో కొలిచారు. 2020లో ఫలితం చెప్పారు: ప్రపంచం మొత్తమ్మీద, తుఫాను తీవ్రమైనది అయ్యే అవకాశం పదేళ్ళకి సుమారు 8 శాతం చొప్పున పెరుగుతోందట. మన బంగాళాఖాతం ఒక్కదాని మాట మాత్రం అంత గట్టిగా చెప్పడం కష్టం, ఇక్కడ ఏటా వచ్చేవే నాలుగైదు.

"చూశావా, నేనే గెలిచాను!" అంది మనవరాలు.

"సగమే గెలిచావే తల్లీ" అన్నాను. ఆ నలభయ్యేళ్ళ లెక్కలో దానిదే పైచేయి. కానీ 1864 నాటి గాలిని నడిబొడ్డున కొలిచిన వాళ్ళెవరూ లేరు. అది చిన్నదని ఎవరనగలరు? ఆ రాత్రికి మిగిలిన కొలత, బతికి బయటపడ్డవాళ్ళు మనవరాళ్ళకి చెప్పుకున్న మాటే. అమ్మమ్మ దివిసీమని తక్కువ చేసిందనుకున్నాను గాని, తనకి దక్కిన ఆ ఒక్క కొలత నా చేతిలో పెట్టిందని ఇన్నేళ్ళకి తెలిసింది. ఆ పూట ఆవిడతో మాట్లాడకుండా వుండాల్సింది కాదు.