దేవుడు కట్టిన కట్ట

ఇంట్లో గచ్చు పాతబడి బీటవేస్తే మనం పెద్దగా పట్టించుకోం. ఆ బీటకు ఒకవైపు గచ్చు కుంగిపోయి, రెండోవైపు అలాగే నిలబడిందనుకోండి, అప్పుడు తెలుస్తుంది. చీకట్లో బిందె పట్టుకు వస్తూ కాలివేలు తగిలించుకుంటాం. భూమికీ యిలాంటి బీటలున్నాయి. బీటకు అటూ యిటూ వున్న నేల ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరిగితే దాన్ని భూగర్భశాస్త్రజ్ఞులు ‘భ్రంశం’ అంటారు. మన గచ్చు కుంగితే అంగుళమో, అరంగుళమో. భూమి కుంగితే కోటలు మునిగిపోతాయి, నదులు దారి మార్చుకుంటాయి. అలా జరిగిన ఒక చోటి సంగతి ఈవేళ మీకు చెబుతాను.

గుజరాత్‌కు పడమటి కొసన కచ్ జిల్లా వుంది. కచ్ఛపమంటే తాబేలే కదా, తాబేలు ఆకారంలో వుండబట్టే ఆ పేరొచ్చిందని అక్కడివాళ్ళు అంటారు. దానికి ఉత్తరాన రణ్ అనే పెద్ద ఉప్పుమైదానం. వానాకాలంలో అది చెరువు, ఎండాకాలంలో తెల్లటి ఉప్పు. ఇప్పుడు చూస్తే గడ్డిపరక కూడా మొలవని ఆ నేల అంచున ఒకప్పుడు వరి పండేదంటే నమ్ముతారా? నేను మొదట నమ్మలేదు. సింధు నది పాయ ఒకటి తూర్పుగా వచ్చి, లఖ్‌పత్ అనే రేవు పక్కనుంచి సముద్రంలో కలిసేది. ఆ నీళ్ళతోనే పంటలు, పడవలు, వ్యాపారం.

ఆ నీళ్ళు పోవడానికి మొదటి కారణం మాత్రం భూకంపం కాదు, మనుషులే. 1762లో సింధ్ పాలకుడు గులాం షా కల్హోరా కచ్ మీద దండెత్తాడు. ఝారా దగ్గర ఘోరమైన యుద్ధం జరిగింది. కత్తితో చేసింది చాలలేదో యేమో, ఆ తర్వాత ఏటికి అడ్డంగా కట్ట వేయించాడు. కిందివాళ్ళకు నీళ్ళు రాకపోతే వాళ్ళే చస్తారని! తర్వాత సింధ్‌ను ఏలినవాళ్ళు కూడా మరికొన్ని కట్టలు వేశారు. తీపినీరు తగ్గిన కొద్దీ సముద్రపు ఉప్పునీరు పైకెక్కింది. పొలాలు చవిటినేలలయ్యాయి. చరిత్ర పుస్తకాల్లో యుద్ధానికి పేజీలు పెడతారు, ఆపైన ఎన్ని మైళ్ళు నడిచి ఎవరు నీళ్ళు మోశారో ఒక్క ముక్క రాయరు. నీళ్ళు మోసింది ఆడవాళ్ళేనని మీకూ నాకూ వేరే చెప్పాలా?

లఖ్‌పత్‌కు మాత్రం ఇంకా పేరుండేది. 1801లో జమాదార్ ఫతే మహమ్మద్ అక్కడ పెద్ద కోటగోడ కట్టించాడు. దాని చుట్టుకొలత ఏడు కిలోమీటర్లు. లఖ్‌పత్ నుంచి సింధ్ వెళ్ళే దారిలో సింద్రీ అనే చిన్న కోట వుండేది. కచ్ ప్రభుత్వం వాళ్ళు అక్కడ సుంకం వసూలు చేసేవారు. నాలుగు బురుజులు, కొద్దిమంది కాపలావాళ్ళు. 1808లో కెప్టెన్ గ్రిండ్లే అనే ఇంగ్లీషు అధికారి దాని బొమ్మ వేశాడు. అదెంత విలువైన బొమ్మ అవుతుందో అప్పుడతనికేం తెలుసు!

1819 జూన్ 16, పొద్దుగూకే వేళ. భూమి కదిలింది. ఇప్పటి శాస్త్రజ్ఞులు దాని తీవ్రతను 7.7 ప్రాంతంలో లెక్కగడతారు. భుజ్ పట్టణంలో ఇళ్ళు, కోటగోడలు కూలిపోయాయి. కచ్‌లో 1500 మందికి పైగా చనిపోయారు. దూరాన వున్న అహ్మదాబాదులో జామా మసీదు మీనార్లు పడిపోయాయి. ధీనోధర్ కొండ నిప్పులు కక్కిందని కూడా ఒక వదంతి లేచి ఇంగ్లీషు పుస్తకాలదాకా పాకింది. అంత భయంలో ఎవరికేం కనబడినా తప్పుపట్టలేం.

సింద్రీలో జరిగింది మాత్రం వదంతి కాదు. కోట చుట్టూ నేల కుంగిపోయింది. సముద్రం లోపలికి తోసుకొచ్చింది. చూస్తూండగానే కోట మునిగి, బురుజు తల ఒక్కటే నీళ్ళపైన మిగిలింది. అందులోవాళ్ళు ఆ బురుజెక్కి రాత్రంతా గడిపితే మర్నాడు పడవల మీద వచ్చి రక్షించారు. లఖ్‌పత్ దగ్గర ఏటిలో పోటు లేనప్పుడు అడుగు లోతు నీళ్ళుండేవి, మనిషి నడిచి దాటేవాడు. భూకంపం తర్వాత అదే చోట 18 అడుగుల లోతు!

తెల్లారాక ఆ జనం ఉత్తరంగా చూస్తే అయిదారు మైళ్ళ దూరంలో, నిన్నటిదాకా పలకలాగా చదునుగా వున్న రణ్ మీద, పొడుగాటి గట్టు ఒకటి లేచి వుంది. తూర్పు నుంచి పడమటికి 80 కిలోమీటర్లకు పైగా సాగింది. ఎత్తు పది అడుగుల నుంచి ఇరవై అడుగుల దాకా. రాజులు వేయించిన కట్టలు వాళ్ళకు తెలుసు. ఇది ఎవరూ వేయించింది కాదు. అందుకని దానికి ‘అల్లా బంద్’ అని పేరు పెట్టారు. దేవుడు కట్టిన కట్ట అన్నమాట. ఆ పేరులో భక్తి వుంది, ఎత్తిపొడుపూ వుందని నాకనిపిస్తుంది.

ఏడేళ్ళు గడిచాయి. 1826లో సింధు నదికి పెద్ద వరద వచ్చింది. ఆ వరద మనుషులు వేసిన కట్టలన్నిటినీ తెంచుకుని, చివరికి అల్లా బంద్‌ను కూడా కోసుకుని, సింద్రీ చెరువులో పడింది. మరుసటి ఏడు అలెగ్జాండర్ బర్న్స్ అనే అధికారి ఆ చోటికి వెళ్ళాడు. నది కోసిన గండిలో గట్టు లోపలి మట్టి, గవ్వలు కనిపించాయి. పడవలో సింద్రీ దాకా పోతే, చుట్టూ నీళ్ళ మధ్య పాడుబడ్డ బురుజు ఒకటే నిలబడి వుంది.

చార్లెస్ లయల్ అనే ప్రఖ్యాత భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ విషయాలన్నీ తన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ జియాలజీ’ అనే గ్రంథంలో చేర్చాడు, గ్రిండ్లే బొమ్మతో సహా. కొండలూ లోయలూ ఏనాడో ఒక్కసారి తయారై ఆగిపోయాయనుకునే రోజులవి. కాదు, మన కళ్ళ ముందే తయారవుతున్నాయని చూపించడానికి ఆయనకు కచ్ దొరికింది.

ఒకవైపు కుంగి, ఒకవైపు లేవడం ఎందుకు? కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడి భూమి సాగి, చీలి, మధ్యభాగం కుంగింది. మన గోదావరి లోయ కూడా అలా కుంగిన చోటే. సింగరేణి బొగ్గు ఆ కుంగిన లోయలోదే, 1969 ఏప్రిల్ 13న భద్రాచలాన్ని కుదిపిన భూకంపమూ ఆ లోయలోదే. తర్వాత భారతదేశపు నేలంతా ఉత్తరంగా జరిగి ఆసియాను ఢీకొట్టి, ఇప్పటికీ నెడుతూనే వుంది. పాత చీరను లాగితే కుట్టు దగ్గరే పోతుంది కదా! అలాగే లాగినప్పుడు ఏర్పడిన పాత బీటలు, ఇప్పుడు నొక్కుడుకు తిరిగి జరుగుతున్నాయి. 1819లో ఉత్తరపు అంచు దక్షిణపు అంచు మీదికి ఎక్కింది. ఎక్కింది గట్టయింది, దిగింది చెరువయింది. రణ్‌లో దీవుల్లాగా నిలిచిన పచ్ఛం, ఖదీర్, బేలా కూడా ఇలాంటి భ్రంశాల వెంబడి పైకి లేచిన ముక్కలే. పచ్ఛం మీదున్న కాలా డుంగర్ దాదాపు 460 మీటర్ల ఎత్తు, కచ్‌లో అంతకన్నా ఎత్తయిన చోటు లేదు. ఖదీర్ మీద హరప్పా కాలపు ధోలావీరా వుంది. ఆ నగరంవాళ్ళు వాననీళ్ళు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన చెరువులు చూస్తే ముచ్చటేస్తుంది.

1819లో భూమి చేసిన పని పైకి కనబడింది. 2001 జనవరి 26 ఉదయం 8.46కు అదే కచ్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, లోపల విరిగిన భ్రంశం పైదాకా రానేలేదు. ఏ గట్టూ లేవలేదు. నేల నెర్రలు విచ్చి, ఇసకా నీళ్ళూ చిమ్మిన చోట్లు చాలా వున్నాయిగాని, ఇదిగో ఇక్కడ విరిగిందని చూపడానికి గీత లేదు. ప్రభుత్వ లెక్కల్లోనే 13,800 మంది పోయారు. అంజార్‌లో రిపబ్లిక్ దినోత్సవ ఊరేగింపులో నడుస్తున్న బడిపిల్లల మీద వీధికి రెండువైపులా ఇళ్ళు కూలాయి. 185 మంది పిల్లలు, 20 మంది ఉపాధ్యాయులు. అక్కడ ఇప్పుడు పిల్లల పేర్లతో స్మారకం వుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పలేను.

నేనొక చలికాలంలో లఖ్‌పత్ వెళ్ళాను. గోడ ఇంకా వుంది, ఊరు మాత్రం గుప్పెడు ఇళ్ళు. గోడెక్కి చూస్తే పడవలు తిరిగిన చోట తెల్లటి చదును. తిరుగుదారిలో ఒక పల్లెలో ఆగాం. అక్కడ ‘భుంగా’లని గుండ్రటి మట్టి ఇళ్ళుంటాయి, అచ్చం మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళలాగా. మనవాళ్ళు గాలివానకు తట్టుకోవాలని కట్టుకుంటే, వీళ్ళకు భూకంపం భయం. మూలలు లేని గోడ, పైన తేలికపాటి గడ్డికప్పు. 1819 తర్వాతే ఈ వాడుక బాగా పెరిగిందంటారు. 2001లో సరిగా కట్టిన భుంగాలు చాలావరకు నిలిచాయి. గోడలు మెత్తడం, అద్దాలు పొదిగి ముగ్గులు తీర్చడం అంతా ఆడవాళ్ళ పనే.

మేం వెళ్ళిన ఇంట్లో భుంగా పక్కనే కొత్తగా సిమెంటు గది వేశారు. “కొడుకులు వేయించారు బెన్, చుట్టాలొస్తే అందులోనే కూర్చోబెడతాం,” అందావిడ సంబరంగా. మరి పడక ఎక్కడ అని అడిగాను. ఆవిడ నవ్వి, చేతికి మట్టి వుందేమో, మోచేత్తో భుంగా వైపు చూపించింది.