చెట్టు మొదట్లో నీటి మరక

మా ఊరి చెరువు నిండిందో లేదో తెలుసుకోవడానికి కట్ట ఎక్కక్కర్లేదు, ఆకాశం చూస్తే చాలు. ఈశాన్య రుతుపవనాల వానలు కురిసి, చెరువులోని కడప చెట్ల మొదళ్ళు మునిగాయంటే గూడబాతులు ఊరి మీద చుట్లు కొడతాయి. "పక్షులు దిగినాయంటే పంటకు దిగుల్లేదబ్బయా" అనేవాడు మా తాత.

మాది దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు. నిన్నమొన్నటిదాకా నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. 1976లో ప్రభుత్వం చెరువునూ పక్కనున్న చిట్టడవినీ కలిపి, సుమారు 459 హెక్టార్లను పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది. అందులో చెరువు భాగం 83 హెక్టార్లకు మించదు. పక్షులకూ ఊరికీ పొత్తు మాత్రం ఆ ప్రకటన కన్నా పాతది. రెట్ట కలిసిన నీళ్ళు తూము దాటి మడుల్లో పారితే పైరు నల్లగా ఎదిగేది. ఎరువు పెట్టిపోయే పక్షి మీద చెయ్యెత్తకూడదన్నది పెద్దలు మాకు నేర్పిన మర్యాద.

చూడవచ్చినవాళ్ళు ఇవి సైబీరియా నుంచి వచ్చాయా అని అడుగుతారు. చలికాలంలో ఉత్తరాది నుంచి వలస వచ్చే బాతులు వేరే ఉన్నాయి. గూడబాతు మన దక్షిణాసియా పక్షే. మా చెరువులో పురుడు పోసుకుంటుంది, ఇక్కడే పిల్లలకు రెక్కలొస్తాయి.

కట్ట మీద కాసేపు నిలబడితే ఆ సంసారమంతా కనిపిస్తుంది. పై ముక్కు పొడవునా చుక్కలున్న తల్లి, పులికాట్ సరస్సు నుంచి సుమారు ఇరవై కిలోమీటర్లు ఎగిరొచ్చి గూటి అంచున వాలుతుంది. పిల్ల అరుస్తూ, రెక్కలు కొట్టుకుంటూ తల్లి గొంతు సంచిలోకి తలంతా దూర్చేస్తుంది. తల్లి మెడ ఊగిపోతున్నా కదలదు. కడుపు నిండాకే ఆ తల బయటికొస్తుంది. పక్క కొమ్మల్లో నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, కంకణాలు ఎవరి గొడవలో అవి ఉంటాయి.

ఇంత సందడీ నిలిచేది చెట్ల కింది నీళ్ళ మీదే. మొదట్లో నీళ్ళున్నంతకాలం నక్క, పిల్లి చెట్టు దాకా రాలేవు. పిల్ల ఎగరడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈలోగా చెరువు అడుగంటితే గూళ్ళకు ఆ కాపు పోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయకట్టు పైరుకూ తడి కావాలి. పక్షి నీళ్ళు, రైతు నీళ్ళు అని చెరువులో రెండు లేవు కదా! పూడిక తీసి, వాన నీళ్ళొచ్చే వాగులూ కాలువలూ కబ్జా కాకుండా చూసుకుంటేనే ఇద్దరికీ సరిపోతాయి. కంచె వేసినంత మాత్రాన చెరువు నిండదు.

ఒకచోట పిల్లల్ని పెంచిన పక్షి ఎప్పటికీ అక్కడికే వస్తుందన్న భరోసా లేదు. కొల్లేరు దగ్గర ఆరేడులో గూడబాతుల పెద్ద కాలనీని పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ 1946లో గుర్తించారు. తర్వాతి దశాబ్దాల్లో అది దాదాపు కనుమరుగైంది. ఆ కథ చదివినప్పటి నుంచి మా చెరువును చూసే చూపు మారింది. ఇప్పుడు కట్ట మీదికి పోతే ముందు కడప చెట్ల మొదళ్ళ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూస్తాను. తర్వాతే గూళ్ళకేసి తలెత్తుతాను.