చెలిమికీ ఒక చరిత్ర ఉంది

మగపిల్లలకు ఆటల్లో స్నేహం కుదురుతుందనీ, ఆడపిల్లలకు మాటల్లో కుదురుతుందనీ తరచుగా వింటూంటాం. ఇది ప్రకృతి నియమమేనా? ఏ నియమాన్నైనా పరీక్షించి చూడడం విజ్ఞానశాస్త్ర పద్ధతి. ఈ విషయంలో మన ప్రయోగశాల చరిత్రే.

ముందుగా వయస్సు సంగతి చూద్దాం. 1929లో వచ్చిన శారదా చట్టం కనీస వివాహ వయస్సును బాలికలకు 14, బాలురకు 18 ఏళ్లుగా నిర్ణయించింది. అంతకుముందు ఎందరో బాలికలకు పదేళ్లు దాటీ దాటకముందే పెళ్లయ్యేది. అత్తవారి ఊరికి వెళ్లిన పిల్లకు చిన్ననాటి నేస్తం మళ్లీ కనిపించేది పుట్టింటికి వచ్చినప్పుడే. అబ్బాయి మాత్రం అదే ఊళ్లో, అదే చెరువుగట్టున తన స్నేహితులతోనే పెరిగేవాడు. ఇద్దరికీ స్నేహం ఒకే అర్థం ఎలా ఇస్తుంది?

ఇక సంస్కృతి. ఛత్తీస్‌గఢ్‌లో బాలికలు భోజలి మొలకలను ఒకరి చెవిపై ఒకరు ఉంచుకుని జీవితాంతం నేస్తాలవుతారు. ఒడిశాలో మకర సంక్రాంతినాడు ‘మకర’ బంధం కలుపుకునే ఆచారం ఉంది. అలా కలిసినవారు పేరుతో కాక, ఆ బంధం పేరుతోనే పిలుచుకుంటారు. ఛత్తీస్‌గఢ్‌లో మగవారు కూడా ‘మితాన్’గా ప్రమాణం చేసుకుంటారు. కులం వేరైనా ఆ బంధం చుట్టరికంతో సమానం. అంటే మగవారి స్నేహం ఆటలకే పరిమితమన్న మాట అన్నిచోట్లా నిలవదు.

మూడోది బడి. 1848లో పుణేలో ఫూలే దంపతులు, 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం బాలికల పాఠశాలలు ప్రారంభించారు. చుట్టాలూ ఇరుగుపొరుగూ కాని నేస్తాన్ని స్వయంగా ఎంచుకునే అవకాశం ఆడపిల్లకు తరగతి గదిలో దొరికింది. అయితే ఆ అవకాశం అందరికీ అందడానికి చాలాకాలం పట్టింది. 1951లో స్త్రీల అక్షరాస్యత సుమారు 9 శాతం. 2011 నాటికి అది సుమారు 65 శాతానికి చేరింది.

1978లో కనీస వివాహ వయస్సు బాలికలకు 18, బాలురకు 21 అయింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో దాదాపు 23 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. 2005-06లో ఇది 47 శాతం. మార్పు వచ్చింది, కాని పూర్తి కాలేదు.

ఇప్పుడు ఒక పని చేయండి. మీ అమ్మమ్మనూ తాతయ్యనూ విడివిడిగా అడగండి: పదిహేనేళ్ల వయస్సులో మీ ప్రాణస్నేహితులెవరు? వారిని చివరిసారి ఎప్పుడు కలిశారు? రెండు జవాబులూ పక్కపక్కన రాసుకోండి. తరువాత మీ తరగతి హాజరుపట్టీలో మధ్యలో చదువు మానేసిన పేర్లు చూడండి. అందులో ఎవరి నేస్తం ఉందో మీకే తెలుస్తుంది.