మారిషస్ ద్వీపమునకు విహారయాత్ర

సెలవులు దగ్గరపడినప్పుడు మా కార్యాలయమున ప్రసంగముల మాట వెనుకబడి ప్రయాణముల మాట ముందుకు వచ్చుచుండును. ఈ యేడు మా మిత్రులొకరు సకుటుంబముగా మారిషస్ ద్వీపమునకు పోదలచి, యాత్రల యేర్పాటు చేయువారిచ్చిన రంగుల పత్రమొకటి తెచ్చి మా బల్లపై పరచిరి. చరిత్ర ప్రసంగములు వ్రాయువారము గనుక మా సలహా అడిగిరి. అది ఏడు దినముల యాత్ర. ఉత్తరమున గ్రాండ్ బే, తూర్పున బెల్ మార్, పడమట ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, ఇట్లు దినమునకొక సముద్రతీరము. నడుమ ఒకపూట షామరెల్‌లోని ఏడురంగుల నేల, ఒకపూట బజారు. ఆ పత్రములో ఇసుకను వర్ణించుటకు నాలుగు విశేషణములు వాడినారు. ఆ నేలపై బ్రదికిన మనుష్యులను గూర్చి మాత్రము ఒక్క మాటయు లేదు.

మేము విహారమునకు విరోధులము కాము. సముద్రము చూడవలసినదే, పిల్లలు ఇసుకలో ఆడవలసినదే. కాని తెలుగువాడు ఆ ద్వీపమునకు పోవుట ఇది మొదటిసారి కాదు. ఇంచుమించు నూట ఎనుబది యేండ్ల క్రిందట మన తూర్పుతీరమున ఓడయెక్కిన వాని ప్రయాణమునకును ఒక ఏర్పాటుండెను. అది ఏడు దినములది కాదు, ఐదేండ్లది. ఆ పాత ప్రయాణమును తెలిసికొని ఈ కొత్త ప్రయాణమును వేసికొనుట మంచిదని మిత్రులతో చెప్పితిమి. వారితో చెప్పినదే ఇపుడు శ్రోతలతోను చెప్పుచున్నాము.

మొదట ఋతువుల సంగతి. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణమున ఇరువది డిగ్రీల దూరమున నున్నది. కావున మన కాలము అక్కడ తలక్రిందు. మనకు ఎండలు మండిపోవు మే నెలలో అక్కడ చల్లని రోజులు మొదలై అక్టోబరు వరకు నుండును. చల్లదనమనగా భయపడనక్కరలేదు, తీరమున సాయంకాలమునకు పలుచని శాలువ చాలును. నవంబరు నుండి ఏప్రిలు వరకు వేడియు వానలును. జనవరి మొదలు మార్చి వరకు తుపానుల భయ మెక్కువ. 1892 ఏప్రిలు చివర వచ్చిన గాలివాన పోర్ట్ లూయీ నగరమున పెద్దభాగమును కూల్చివేసెను. 1960 ఫిబ్రవరిలో కారోల్ అను తుపాను వేలకొలది ఇండ్లను ఊడ్చివేసెను. సంక్రాంతి సెలవులు ఈ యాత్రకు తగినవి కావని ఇందువలన తెలియును. వేసవి సెలవులే మేలు.

ఈ తుపానులకును, మనవారు అక్కడికి పోవుటకును సంబంధము కలదు. గాలికి చెట్టు విరుగును. చెరకు వంగి మరల లేచును. ఆ నేలపై నిలిచిన పంట చెరకగుటకు ఇదియొక కారణము. రెండవ కారణము సుంకము. దానికి కొంత వెనుకకు పోవలయును.

1598లో డచ్చివారు ఆ ద్వీపమున దిగి తమ రాకుమారుడు మారిస్ పేరు దానికి పెట్టిరి. అప్పటికి అక్కడ నరవాసము లేదు. డోడో అను ఎగురలేని పెద్దపక్షి యుండెను. నూరేండ్లు తిరుగకముందే అది మాయమయ్యెను. చెరకును జావా నుండి తెచ్చి నాటినవారు డచ్చివారే. 1710లో వారు విడిచిపోగా 1715లో ఫ్రెంచివారు ఆక్రమించిరి. 1735లో గవర్నరుగా వచ్చిన లాబుర్దొనే పోర్ట్ లూయీని రేవుగా, నగరముగా తీర్చెను. ఈ పేరు మన విద్యార్థులకు కొత్త కాదు. 1746లో చెన్నపట్టణమును ఇంగ్లీషువారి నుండి పట్టుకొన్నవాడు ఇతడే. పాంప్లెమూస్ ఉద్యానవనము ఇతని తోటతో మొదలైనది. అక్కడి కొలనులో పళ్లెములవంటి మహాపత్రముల నీటికలువలను పిల్లలకు చూపవలయును. ఆ పత్రమును వేసినవారు దీనిని వదలిపెట్టుట మాకు వింతగా తోచినది.

విమానము దిగు చోటికి దగ్గరనే గ్రాండ్ పోర్ట్ అను అఖాతమున్నది. 1810 ఆగస్టులో అక్కడ ఫ్రెంచి నౌకలు ఇంగ్లీషు నౌకలను ఓడించెను. పారిసులోని విజయతోరణముపై చెక్కిన నౌకావిజయ మదియే. అయినను డిసెంబరు నాటికి ద్వీపము ఇంగ్లీషువారి వశమయ్యెను. ఫ్రెంచి నివాసుల భాషను, ఆచారములను, చట్టములను కాపాడుదుమని వారు మాట యిచ్చిరి. నేడును ఆ వీధులలో ఫ్రెంచి వినబడుటకు ఈ మాటయే మూలము.

ఇక సుంకము. 1825లో ఇంగ్లండు మారిషస్ చక్కెరపై సుంకమును వెస్టిండీస్ చక్కెరతో సమానము చేసెను. వెంటనే అడవులు కొట్టి చెరకు నాటిరి. నాటినవారు, కోసినవారు, గానుగ త్రిప్పినవారు మడగాస్కరు నుండి, మొజాంబిక్ నుండి తెచ్చిన బానిసలు. మన దేశమునుండి తీసికొనిపోబడిన బానిసలును వారిలో నుండిరి. 1835 ఫిబ్రవరి 1న వారికి చట్టరీత్యా విడుదల కలిగెను. విడుదల యైనను మరి కొన్నేండ్లు పాత యజమానుల వద్దనే పని చేయవలెనని నిబంధన పెట్టిరి. నష్టపరిహారము దొరికినది యజమానులకు, బానిసలకు కాదు.

నైరుతి మూలను ల మోర్న్ అను ఏకశిలవంటి కొండ సముద్రములోనికి చొచ్చుకొని నిలిచినది. దాని పాదమున నేడు గొప్ప హోటళ్లు, తెల్లని ఇసుక. పారిపోయిన బానిసలు తలదాచుకొన్నది ఆ కొండపైననే. విడుదల వార్త చెప్పుటకు వచ్చిన సిపాయీలను చూచి, తమ్ము పట్టుకొనుటకే వచ్చిరని తలచి, కొందరు శిఖరము నుండి దూకి ప్రాణములు విడిచిరని అక్కడివారు చెప్పుకొందురు. ఐతిహ్యమైనను ఆ జాతి మనస్సులోని భయము దానిలో నిజముగనే యున్నది. 2008లో ఆ కొండ ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరెను. మిత్రుల పత్రములోను ల మోర్న్ కలదు, ‘సూర్యాస్తమయమునకు’ అని.

బానిసలు తోటలను విడిచిపోదురని యజమానులు ముందే గ్రహించిరి. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అను ఓడ కలకత్తా నుండి ముప్పదియారుగురు కూలీలను పోర్ట్ లూయీలో దింపెను. ఐదేండ్ల ఒడంబడిక, మగవానికి నెలకు ఐదు రూపాయల జీతము, బియ్యము, పప్పు, బట్ట. విడుదలైన బానిస మంచి కూలి అడుగవలసిన సమయమున ఇంత చౌకగా మనవాడు అందుబాటునకు వచ్చెను. ఈ సంగతిని మనము దాచుకొనరాదు. ఒకరి బేరమును మరియొకరి పేదరికము చెడగొట్టినది. లాభము ఇరువురిదియు కాదు.

తెలుగువారి మాటకు వత్తము. పొరుగుననున్న రెయూనియన్ ద్వీపమునకు యానాం నుండి తెలుగు కూలీలను 1828 ప్రాంతముననే ఫ్రెంచివారు తీసికొనిపోయిరి. మారిషస్‌కు మనవారు గుంపులుగా పోయినది 1840 తరువాతి కాలమున. గోదావరి ముఖమున కోరింగ నాడు పేరుపొందిన రేవు. అక్కడ ఓడలు కట్టుటయు, బాగుచేయుటయు జరుగుచుండెడిది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దానిని చాలవరకు తుడిచిపెట్టెను. కోరింగ పేరు మాత్రము సముద్రము దాటినది. మారిషస్‌లో తెలుగువారిని కొరింగీలని పిలిచిరి. ఊరు చిన్నబోయినను ఊరి పేరు ఒక జాతికి పేరైనది. విశాఖపట్టణము, గంజాము జిల్లాల వారును అధికముగా పోయిరి. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ నేటికిని అక్కడ జరుగుచుండుట అందుకు సాక్ష్యము.

వారు పోవుటకు కారణము వెదుకనక్కరలేదు. ఉప్పెనలు, కరవులు, పన్నులు, అప్పులు ఇక్కడ. అక్కడ బంగారము రాళ్లక్రింద దొరకునని చెప్పిన మేస్త్రీలు. రాళ్లు నిజముగనే దొరకినవి. అది అగ్నిపర్వతపు నేల. నల్లరాళ్లను ఏరి కుప్పలు పోసినగాని చెరకు నాటుటకు వీలులేదు. తీరమునకు పోవు దారిలో చెరకుతోటల నడుమ గోపురములవలె నిలిచిన ఆ నల్లని గుట్టలను ఎవరైనను చూడవచ్చును. వానికి టిక్కెట్టు లేదు. కారు నాపి ఒక నిమిషము చూడుడని మిత్రులకు చెప్పితిమి.

పనికి ఒకనాడు రానిచో రెండునాళ్ల కూలి కోసెడివారు. ఒడంబడిక ముగిసినను స్వేచ్ఛ తక్కువే. 1867లో వచ్చిన చట్టముచే పాత కూలీ ప్రతివాడును తన ఛాయాచిత్రము గల చీటీని వెంట నుంచుకొనవలసి వచ్చెను. చీటీ లేనివాడు దిమ్మరిగా పట్టువడును. ఆ యేడులోనే మలేరియా వేలమందిని పొట్టన పెట్టుకొనెను. కలిగినవారు పోర్ట్ లూయీని విడిచి క్యూర్‌పిప్ వంటి మెట్టప్రదేశములకు తరలిపోయిరి. కూలీ ఎక్కడికి తరలును? ప్లెవిట్జ్ అను తెల్ల తోటయజమాని యొకడు ఈ అన్యాయములను చూడలేక 1871లో పాత కూలీల పక్షమున విన్నపము సిద్ధపరచెను. దానిపై 9,401 మంది చేవ్రాళ్లు చేసిరి. తోటివారు అతనిని ద్వేషించిరి. కాని మరుసటి యేడు రాజ విచారణసంఘము వచ్చెను.

1834 నుండి 1920 ప్రాంతము వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఈ విధముగా ఆ ద్వీపమున దిగిరి. అధికులు అక్కడనే నిలిచిపోయిరి. 1876లో రూపాయి ఆ దేశపు నాణెమైనది. నేటికిని అదియే పేరు. అందుచేత బజారులో ధర అడిగిన మనవారికి ఇల్లు విడిచినట్లు తోపదు. 1901లో గాంధీగారు దక్షిణాఫ్రికా నుండి వచ్చుచు కొన్నాళ్లు అక్కడ ఆగి, పిల్లలకు చదువు చెప్పించుకొనుడని మనవారికి హితవు చెప్పిరి. 1968లో స్వాతంత్ర్యము వచ్చినప్పుడు దండియాత్ర మొదలైన మార్చి 12వ తేదీనే అందుకు ఎన్నుకొనిరి. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగెను.

రేడియోవారము గనుక మరియొక మాట. ఆ దేశపు ప్రసారసంస్థ తెలుగునను కార్యక్రమములు ప్రసారము చేయుచున్నది. ఇంటిలో క్రియోల్ మాటలాడువారు, ఉగాదికి సెలవు పొందువారు, దీపపుసెమ్మె చుట్టును తిరుగుచు రామభజనము పాడువారు వానిని విందురు. అర్థము కొంత జారిపోయినను రాగము చెడలేదు. ఊరిలో భజన జరుగుచున్నదని తెలిసినచో హోటలు విందు మాని అక్కడికి పోవలసినదే.

యాత్రాపత్రములు తరచుగా మార్క్ ట్వేన్ పేరు చెప్పి, స్వర్గమునకే ఈ ద్వీపము నమూనా యన్నట్లు వ్రాయుచుందురు. 1896లో అక్కడికి పోయిన ఆ అమెరికా రచయిత అది తన అభిప్రాయముగా వ్రాయలేదు. ఊరివా డొకడు చెప్పినదిగా వ్రాసెను. అది అతిశయోక్తి యని మరియొక ఊరివాడు చెప్పినదియు వెంటనే వ్రాసెను. రెండవ ఊరివానిని పత్రములవారు మరచిరి.

కావున మేము చెప్పిన మార్పు ఇది. మొదటిదినము తీరమునకు పోక పోర్ట్ లూయీ రేవుకడకు పోవలయును. అక్కడ ఆప్రవాసీ ఘాట్ కలదు. 1849లో కట్టనారంభించిన ఆ కూలీల దింపుడురేవులో నేడు కొద్దిభాగమే మిగిలినది. 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. పడవ దిగినవారు ఎక్కిన రాతిమెట్లు అట్లే యున్నవి. రెండవదినము మోకాలోని మహాత్మాగాంధీ సంస్థకు పోవలయును. వచ్చిన కూలీల చిట్టాలు అక్కడ భద్రపరచినారు. ప్రతివానికి ఒక సంఖ్య, పేరు, తండ్రిపేరు, ఈడు, ఎత్తు, ఊరు, ఓడ. తరువాతి కాలపు వారికి ఛాయాచిత్రమును. తెలుగుపేర్లను దొరలు తమ చెవికి వినబడినట్లు వ్రాసికొనిరి. సుబ్బన్న యేదో, సూరన్న యేదో తేల్చుట కష్టము. ముందుగా ఉత్తరము వ్రాసి అనుమతి పొంది పోవుట మేలు. మిగిలిన ఐదుదినములు ఇసుకయు, సముద్రమును.

మిత్రులు చాలసేపు మాటలాడలేదు. తరువాత తమ యింటి సంగతి యొకటి చెప్పిరి. వారి పూర్వులది తాళ్లరేవు ప్రాంతము. ముత్తాతగారి తమ్ముడొకడు ఓడెక్కి పోయినాడని నాయనమ్మగారు అనుచుండెడివారట. ఏ ఓడ, ఏ దేశము అని పిల్లలు అడిగిన, పోయినవాని మాట సందెవేళ ఎత్తరాదని కసరెడివారట. రంగూనో, మారిషసో ఎవరికిని తెలియదు.

‘పేరేమి?’ అని అడిగితిమి. చిట్టా చూడవలెనన్న పేరు కావలయును, తండ్రిపేరు కావలయును.

తండ్రిపేరు వారికి తెలిసినది. పోయినవాని పేరు తెలియలేదు. తొంబదియేండ్లు దాటిన మేనత్తగారొకరు ఇంకను ఆ ఊరిలోనే యున్నారట. మిత్రులు రంగులపత్రమును మడచి సంచిలో పెట్టుకొని, టిక్కెట్ల మాట ఒక నెల ఆపి, వచ్చు ఆదివారము తాళ్లరేవుకు పోవు బస్సు ఎన్నిగంటలకో కనుగొనుటకు లేచిపోయిరి.