వృక్షములు – సజీవ శాసనములు

చరిత్ర యనగానే శిలాశాసనములు, తామ్రపత్రములు, కోటగోడలు మనకు స్ఫురించును. కాని ఆ శాసనములను వ్రాయించినవారే, తామిచ్చిన భూములకు ఎల్లలు చెప్పవలసి వచ్చినపుడు, పుట్టలను, గుట్టలను, వాగులను, వానితోపాటు చెట్లను సాక్షులుగా నిలిపిరి. రాజు మాటకు చింతచెట్టో మఱ్ఱిచెట్టో పూచీ పడినదన్నమాట.

తెలుగునాట ప్రాచీన వృక్షములలో తిమ్మమ్మ మఱ్ఱిమాను అగ్రగణ్యము. ఇది శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి ప్రాంతమున గూటిబైలు గ్రామముకడ నున్నది. ఐదెకరములకు పైగా విస్తరించిన యీ వటవృక్షము 1989లో గిన్నిస్ రికార్డుల గ్రంథమునకెక్కినది. 1434లో సహగమనము చేసిన తిమ్మమ్మ చితికి నాటిన గుంజ యొకటి చిగిర్చి యింతటి మానయ్యెనని జనశ్రుతి. మఱ్ఱికొమ్మ నాటిన బ్రతుకుట కద్దు గనుక ఈ కథ అసంభవము కాదు. అయినను దీనికి జనశ్రుతియే ఆధారము. ఆ క్రూరాచారము గతించినది. ఆమె పేరును మాత్రము చెట్టు నిలిపినది.

మహబూబ్‌నగర్ చెంతనున్న పిల్లలమఱ్ఱి వయస్సు ఏడువందల యేండ్లని ప్రజలు చెప్పుకొందురు. ఊడలే కాండములై తల్లిమాను ఏదో గుర్తింపరాకుండుటచే మఱ్ఱి వయస్సు నిర్ణయించుట కష్టము. 2017 డిసెంబరులో చెదలు తొలిచిన కొమ్మ విరిగిపడగా సందర్శకులను నిలిపివేసిరి. 2018లో రోగికి సెలైను ఎక్కించునట్లు, ఆ చెట్టునకు చెదలమందును బొట్టుబొట్టుగా ఎక్కించిరి.

హైదరాబాదున నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు చరిత్ర మరియొక తీరుది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలాది ప్రాణములను బలిగొన్న వేళ, ఆ చెట్టునెక్కి సుమారు 150 మంది బ్రతికిరని ప్రసిద్ధి. ఆ వరదకు అంతకంటె సార్థకమైన స్మారకము వేరొకటి లేదు.

శాసనము అరిగినను దాని నకలు మిగులవచ్చును. గ్రంథము శిథిలమైనను పునర్ముద్రింపవచ్చును. కూలిన చెట్టునకు మాత్రము ప్రతి లేదు. రచ్చబండకడ రావిని, చెరువుగట్టు మఱ్ఱిని ఎవరు నాటిరో యెరిగిన వృద్ధులు గ్రామగ్రామమున తరిగిపోవుచున్నారు. వారి నోటిమాటలను ఒక పుస్తకమున వ్రాయించి గ్రంథాలయమున భద్రపరచుట నేటి యువకుల కర్తవ్యము. చెట్టును కాచుట ఊరివారి వంతు. దాని కథను కాచుట గ్రంథాలయము వంతు.